పసిఫిక్ గ్రోవ్, మాంటెరే, కార్మెల్: మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళతో నడవగలిగే తీరం దారులు ఏవి?

ఉప్పుగాలి (ప్రశ్న)

నమస్కారమండీ. ఏప్రిల్ ఆఖరి వారంలో శని, ఆదివారాలు కాలిఫోర్నియా తీరంలోని పసిఫిక్ గ్రోవ్‌లో బస. మొత్తం ఐదుగురం. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు ఇద్దరూ డెబ్భైకి దగ్గర్లో ఉన్నారు. మూడేళ్ళ పాపకు స్ట్రోలర్ తెస్తున్నాం. అత్తయ్యగారు చదునైన నేల మీద గంట సేపు హాయిగా నడుస్తారు. మెట్లు, ముఖ్యంగా దిగే మెట్లు, కష్టం. మామయ్యగారికి ఎంత దూరమైనా ఫరవాలేదు.

ఏ దారి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ వెనక్కి తిరగాలి, ఎక్కడెక్కడ మెట్లు ఉన్నాయి, రెస్ట్‌రూములు ఎక్కడ అన్నది తెలిస్తే చాలు. "ఈజీ" అని రాసి ఉన్న ట్రెయిల్స్ చాలా కనిపిస్తున్నాయి కానీ ఆ ఈజీ ఎవరికో అర్థం కావట్లేదు. కార్మెల్ దక్షిణాన ఉన్న పాయింట్ లోబోస్ పార్కు తప్పకుండా చూపించాలని ఉంది. అది వీళ్ళకు కుదిరే చోటేనా?

తీరంబాట

దూరం చూసి దారి ఎంచుకోకండి. నొప్పి ఉన్న మోకాళ్ళకు రెండు మైళ్ళ చదును కంటే దిగుడు మెట్లు ఇరవై ఉన్న అర మైలే బరువు. ముందు నేల, తర్వాత మెట్లు, ఆ తర్వాత గాలి, చివరికి దూరం. ఈ వరసలో చూడండి.

ఆ లెక్కన మీకు మొదటి దారి మాంటెరే బే కోస్టల్ రిక్రియేషన్ ట్రెయిల్. కాస్ట్రోవిల్ నుంచి పసిఫిక్ గ్రోవ్ దాకా 18 మైళ్ళ తారు బాట. ఇందులో చాలా భాగం పాత సదరన్ పసిఫిక్ రైలు కట్ట మీదే వేశారు. రైలుకు నిటారు ఎత్తులు పనికిరావు కాబట్టి ఈ బాటలో ఎక్కడా ఎక్కుతున్నట్టే తెలియదు. స్ట్రోలర్‌కి, వీల్‌చెయిర్‌కి ఇంతకంటే మంచి దారి ఈ చుట్టుపక్కల లేదు.

18 మైళ్ళలో మీకు కావాల్సింది చివరి ముక్క. లవర్స్ పాయింట్ దగ్గర మొదలుపెట్టి మాంటెరే వైపు నడవండి. లవర్స్ పాయింట్‌లో పచ్చిక, బెంచీలు, రెస్ట్‌రూములు అన్నీ ఉన్నాయి. సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. మాంటెరే బే అక్వేరియం ఇంకాస్త దూరంలో ఉందనగా హాప్కిన్స్ మెరైన్ స్టేషన్ అనే సముద్ర పరిశోధన కేంద్రం కంచె వస్తుంది. ఏప్రిల్‌లో మీ అత్తయ్యగారిని నడిపించాల్సింది ఇక్కడికే. కంచె అవతల చిన్న ఇసుక తిన్నె మీద హార్బర్ సీల్స్ పిల్లలతో పడుకుని ఉంటాయి, బాట మీద నిలబడే చూడొచ్చు. ఒక్క మెట్టు కూడా దిగక్కర్లేదు. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే రానూపోనూ కలిపి మైలున్నర, అటూ ఇటూగా. మామయ్యగారు ఇంకా నడుస్తానంటే క్యానరీ రో మీదుగా కోస్ట్ గార్డ్ రేవు దాకా వెళ్ళొచ్చు. ఆ రేవు చివరి బండల మీద సీ లయన్లు ఉంటాయి, అరుపులు ముందే వినిపిస్తాయి.

రెండు జాగ్రత్తలు. మొదటిది సైకిళ్ళు. వారాంతంలో అద్దెకు తీసుకున్న నాలుగు చక్రాల సర్రీ బళ్ళు ఈ బాటను సగానికి పైగా ఆక్రమిస్తాయి, తొక్కేవాళ్ళకు బ్రేకుల అలవాటు తక్కువ. కుడి అంచునే నడవండి, స్ట్రోలర్ పక్కన ఇంకొకరు నడవకుండా వెనక నడవండి. ఫోటో కోసం ఆగేటప్పుడు బాట దిగి గడ్డి మీదకు వెళ్ళాలి. సముద్రాన్ని చూస్తూ ఒక్క అడుగు వెనక్కి వేయడమే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. రెండోది, అక్వేరియం చుట్టూ పదకొండు దాటాక రద్దీ బాగా ఉంటుంది, పార్కింగ్ కూడా డబ్బు కట్టి పెట్టేదే. అందుకే లవర్స్ పాయింట్ వైపు నుంచి రమ్మంటున్నాను. ఓషన్ వ్యూ బూలెవార్డ్ వెంట రోడ్డు పక్కన బండి పెట్టుకోవచ్చు. ఎంత సేపు పెట్టవచ్చో బోర్డు మీద రాసి ఉంటుంది, అది చదివి పెట్టండి.

ఇంకో మాట. తారు బాట లవర్స్ పాయింట్‌తో ఆగిపోతుంది కానీ నడక ఆగదు. అక్కడి నుంచి పశ్చిమానికి పెర్కిన్స్ పార్క్ మట్టి బాట రోడ్డు పక్కనే సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ గట్టంతా గులాబీ రంగు ఐస్ ప్లాంట్ పూలతో కప్పుకుపోతుంది. మీరు వెళ్ళేది సరిగ్గా ఆ రోజుల్లోనే. దారిలో నీళ్ళ వైపు దిగే మెట్లు కనిపిస్తాయి, అవి దిగక్కర్లేదు. పైబాట మీద పావుగంట నడిచి తిరిగొచ్చినా చాలు.

సైప్రస్‌నీడ

పాయింట్ లోబోస్ గురించి. కుదురుతుంది, అన్ని దారులూ కాదు.

ముందు ప్రవేశం. కార్మెల్ దాటి హైవే 1 మీద దక్షిణానికి మూడు మైళ్ళు. గేటు ఉదయం 8కి తీస్తారు. లోపల పార్కింగ్ తక్కువ, శనివారం పొద్దెక్కేసరికి నిండిపోతుంది. నిండాక ఒక బండి బయటికొస్తే ఒకటి లోపలికి వదులుతారు. చాలామంది బండి హైవే పక్కన పెట్టి నడిచి వస్తారు. మీ వాళ్ళతో ఆ పని చేయకండి. గేటు నుంచి సీ లయన్ పాయింట్ దాకానే ముప్పావు మైలు పైన ఉంటుంది, అసలు నడక మొదలయ్యేసరికే అత్తయ్యగారు అలసిపోతారు. 8కి గేటు దగ్గర ఉండండి. ప్రవేశ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు వాళ్ళ పేజీ ఒకసారి చూసుకోండి.

లోపల దారులు ఇలా ఉంటాయి.

సీ లయన్ పాయింట్ ట్రెయిల్, చుట్టు మొత్తం 0.6 మైలు. పార్కింగ్ నుంచి మొదటి చూపు గట్టు దాకా నేల గట్టిగా, చదునుగా ఉంటుంది. ఆ తర్వాత కిందికి రాతి మెట్లు. అత్తయ్యగారు మెట్ల పైనే ఆగిపోవాలి. పోగొట్టుకునేది ఏమీ లేదు, సీ లయన్లు ఉండేది సముద్రంలోని బండల మీద కాబట్టి పైనుంచే కనిపిస్తాయి. బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్ళండి. కింద పాదాల దగ్గర గులకరాళ్ళు సిమెంటులో పొదిగినట్టు కనిపించే రాయి ఉంటుంది. అది కార్మెలో ఫార్మేషన్. మామయ్యగారు మెట్లు దిగితే దాన్ని దగ్గరగా చూడొచ్చు.

సైప్రస్ గ్రోవ్ ట్రెయిల్, 0.8 మైలు చుట్టు. అదే పార్కింగ్ నుంచి మొదలు. మాంటెరే సైప్రస్ చెట్టు ప్రపంచంలో సహజంగా మొలిచేది రెండే చోట్ల, ఒకటి ఇది, రెండోది పెబుల్ బీచ్ దగ్గరి సైప్రస్ పాయింట్. వేరే చోట్ల కనిపించేవన్నీ నాటినవి. ఎండిపోయిన కొమ్మల మీద నారింజ రంగు మెత్తటి పూత కనిపిస్తుంది. అది తెగులు కాదు, ట్రెంటిపోలియా అనే నాచు. చెట్టును తినదు, కొమ్మను పట్టుకుని బతుకుతుంది. ఈ దారిలో అక్కడక్కడా మెట్లు, వేర్లు ఉన్నాయి. ఊతకర్ర ఉంటే ఆవిడ సగం దూరం నిదానంగా వెళ్ళగలరు. స్ట్రోలర్ మాత్రం తీసుకెళ్ళకండి, పాపను ఎత్తుకోవాలి.

బర్డ్ ఐలండ్ ట్రెయిల్, ఇది కూడా 0.8 మైలు. రోడ్డు చివరి పార్కింగ్ నుంచి. మొదట్లోనే మెట్లు ఎక్కాలి, ఎక్కాక చదునే. చైనా కోవ్ పచ్చటి నీళ్ళు పైనుంచి కనిపించేది ఇక్కడే. సీల్స్ పిల్లలు పెట్టే కాలంలో కిందికి దిగనివ్వరు, పైనుంచి చూడటమే. బర్డ్ ఐలండ్ మీద వసంతంలో కార్మొరెంట్ పక్షులు వందలుగా గూళ్ళు పెడతాయి.

నార్త్ షోర్ ట్రెయిల్ వద్దు. మ్యాపులో పొట్టిగానే కనిపిస్తుంది కానీ ఎగుడుదిగుళ్ళు ఆగవు.

ఇంకా మూడు నియమాలు. కుక్కలను బండిలో ఉంచి కూడా లోపలికి తీసుకెళ్ళకూడదు. పువ్వు, రాయి, గవ్వ ఏదీ తీసుకోకూడదు. తినడం వేలర్స్ కోవ్, పైనీ వుడ్స్, బర్డ్ ఐలండ్ పిక్నిక్ చోట్లలోనే. పులిహోర డబ్బా ట్రెయిల్ మీద తెరవకండి, ఉడతలు, సీగల్స్ మనిషి తిండికి అలవాటు పడి పాడవుతాయని ఆ నియమం.

దారి పక్కన ఆకు తుంచి వాసన చూసే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉంటుంది. ఇక్కడ దాన్ని గట్టిగా ఆపాలి. పాయిజన్ ఓక్ బాట అంచులదాకా ఉంటుంది. ఒక్కో కాడకు మూడు ఆకులు, వసంతంలో లేత ఎరుపు కలిసి నిగనిగలాడుతూ ఉంటాయి. ఆకు నూనె చర్మానికి అంటితే ఒకటి రెండు రోజులకు దురద, బొబ్బలు. తగిలిందని అనుమానం వస్తే వీలైనంత త్వరగా సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడగాలి. ఆ నూనె బట్టలకు, స్ట్రోలర్ చక్రాలకు కూడా అంటుకుని తర్వాత చేతికి వస్తుంది. అవీ తుడవాలి.

పోటుపట్టిక

పైన ఇద్దరూ దారుల గురించి బాగా చెప్పారు. సముద్రం గురించి ఎవరూ చెప్పలేదు, అది తెలియకుండా ఈ తీరంలో నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు.

మన బంగాళాఖాతం ఒడ్డున పాదాలు తడుపుకోవడం అలవాటైనవాళ్ళకు ఈ నీళ్ళు వేరు. ఏడాది పొడుగునా దాదాపు 50 నుంచి 60 ఫారెన్‌హీట్ మధ్యే, మన లెక్కలో 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్. లోతు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది కాబట్టి ఎండాకాలంలోనూ వేడెక్కదు. పడ్డవాళ్ళకు ముందు ఊపిరి బిగుసుకుంటుంది, తర్వాత కాళ్ళూ చేతులూ మాట వినవు.

అసలు ప్రమాదం స్నీకర్ వేవ్. పది పదిహేను నిమిషాలు చిన్న అలలే వచ్చి, ఒక్కసారిగా ఒకటి చాలా పైదాకా వస్తుంది. దూరంలో పుట్టిన అలల గుంపులు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు ఇలా జరుగుతుంది. ఎక్కువ నవంబర్ నుంచి మార్చి దాకా, ఏప్రిల్‌లోనూ లేకపోలేదు. గుర్తు సులువు: వాన లేకుండా బండ తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చింది, మళ్ళీ వస్తుంది. పొడి బండ మీదే నిలబడాలి. అలకు వీపు పెట్టి ఫోటో దిగకూడదు. ఎవరైనా నీళ్ళలో పడితే వెనకాల దూకకండి. తేలేది ఏదైనా విసిరి, 911కి ఫోన్ చేసి, వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా వాళ్ళనే చూస్తూ ఉండాలి.

కార్మెల్ నుంచి పాయింట్ లోబోస్‌కి వెళ్ళేటప్పుడు కుడి చేతి వైపు అందమైన బీచ్ ఒకటి రోడ్డు పక్కనే కనిపిస్తుంది, మొనాస్టరీ బీచ్. బండి ఆపడం తేలిక, కుటుంబాలు ఆగేదీ అందుకే. అక్కడ పాపను నీటి అంచుకు వెళ్ళనివ్వకండి. ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే సముద్రం కింద లోయ మొదలవుతుంది, ఇసుక ముతక, ఒడ్డు బాగా వాలు. అల నేరుగా ఒడ్డు మీదే విరిగి, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ముతక ఇసుకను లాగేస్తుంది. పెద్దవాళ్ళు కూడా లేచి నిలబడలేరు.

టైడ్ పూల్స్ చూడాలంటే ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి, రెండూ ఒక్క ఎత్తువి కావు. బాగా దిగేది ఒక్కటే. వసంతం, ఎండాకాలాల్లో ఆ పెద్ద ఆటు తెల్లవారుజామున, ఉదయం వస్తుంది. చలికాలంలో మధ్యాహ్నం. పట్టికలో సున్నా అడుగుల కంటే తక్కువ, అంటే మైనస్ గుర్తు ఉన్న రోజు దొరికితే మంచిది. ఆటు సమయానికి గంట ముందే వెళ్ళి, నీళ్ళు తిరిగి పెరగడం మొదలవగానే వచ్చేయాలి. బండల మీది ఆకుపచ్చ నాచు సబ్బు కంటే జారుతుంది. అత్తయ్యగారికి టైడ్ పూల్స్ వద్దే వద్దు. మామయ్యగారు వెళ్ళినా రబ్బరు అడుగు బాగా పట్టే బూట్లు ఉండాలి, చెప్పులతో కాదు.

సీల్స్‌కి కనీసం 50 గజాల దూరం. పిల్ల ఒంటరిగా ఉంటే తల్లి వదిలేసిందని అనుకోకండి, వేటకు వెళ్ళి ఉంటుంది. దగ్గరికి మనుషులు వస్తే తల్లి తిరిగి రావడానికి భయపడుతుంది.

ఉప్పుగాలి

ముగ్గురికీ చాలా చాలా థాంక్సండీ. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. మరో మూడు: చలి ఎంత ఉంటుంది? సాయంత్రం సూర్యాస్తమయానికి అసిలోమార్ మంచిదా, కార్మెల్ మంచిదా? పాయింట్ లోబోస్‌లో సీ లయన్, బర్డ్ ఐలండ్ రెండింట్లో ఒకటే చేయగలిగితే ఏది?

తీరంబాట

చలి: ఏప్రిల్‌లో పగలు 60 ఫారెన్‌హీట్ దగ్గర, గాలి తోడైతే ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఇక్కడ మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి గాలి లేస్తుంది. పొద్దున ఎండ చూసి జాకెట్లు గదిలో వదిలేసేవాళ్ళే రెండు గంటలకు వణుకుతారు. పొరలుగా వేసుకోండి, అన్నిటికంటే పైన గాలి దూరనిది ఒకటి. అత్తయ్యగారికి చెవులు కప్పే టోపీ గానీ స్కార్ఫ్ గానీ. చీర కట్టుకుంటే అంచు అడుగులకు అడ్డం పడుతుంది, గాలికి మరీ. సల్వార్ గానీ ప్యాంటు గానీ నడకకు భద్రం.

లవర్స్ పాయింట్ నుంచి మాంటెరే వైపు వెళ్ళేటప్పుడు ఈ గాలి వీపు మీద ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ముఖం మీద. అందుకే ఆ నడక పొద్దున పెట్టుకోండి. మధ్యాహ్నమే కుదిరితే ఇంకొకరు బండి తీసుకుని అవతలి చివరికి రావాలి, ఆవిడ గాలికి ఎదురు నడవక్కర్లేకుండా.

సూర్యాస్తమయానికి నేనైతే పసిఫిక్ గ్రోవ్ పడమటి ఒడ్డునున్న అసిలోమార్ అంటాను. సన్‌సెట్ డ్రైవ్ వెంట రోడ్డుకూ బండలకూ మధ్య మైలు పొడుగు తీరం బాట ఉంది, దాదాపు చదును, ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. రోడ్డు అవతల కాన్ఫరెన్స్ గ్రౌండ్స్ వైపు ఇసుక దిబ్బల మీద చెక్క బాట వేశారు, చక్రాలకు బాగుంటుంది. అక్కడి పాత భవనాలు జూలియా మోర్గన్ అనే ఆర్కిటెక్ట్ కట్టినవి, మామయ్యగారికి ఆసక్తి ఉంటే చూడండి. దారి వెంట రెస్ట్‌రూమ్ దొరుకుతుందని అనుకోకండి, బయల్దేరే ముందే చూసుకోవాలి.

సైప్రస్‌నీడ

అసిలోమార్ విషయంలో నేను ఒప్పుకోను. అది నేరుగా పశ్చిమానికి, గాలికి ఎదురుగా ఉంది. ఏప్రిల్ సాయంత్రం అక్కడ పెద్దావిడను, మూడేళ్ళ పాపను అరగంట నిలబెట్టడం కష్టం. అసిలోమార్ పొద్దున పెట్టుకుని సాయంత్రం కార్మెల్‌కి రండి.

కార్మెల్‌లో బీచ్ ఇసుకలో కాదు, గట్టు మీది సీనిక్ రోడ్ బాట మీద నడవండి. ఎయిత్ ఎవెన్యూ నుంచి దక్షిణానికి ముప్పావు మైలు, చితక్కొట్టిన గ్రానైట్ పొడి పరిచి గట్టిపరిచిన నేల. బెంచీలు తరచుగా ఉన్నాయి, సైప్రస్ చెట్లు కొంత గాలి ఆపుతాయి, గాలి మరీ ఎక్కువైతే బండి పది అడుగుల్లో ఉంటుంది. రెస్ట్‌రూములు ఓషన్ ఎవెన్యూ చివర ఒకటి, శాంటా లూసియా దగ్గర ఒకటి. కింద బీచ్ ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. మోకాళ్ళకు మాత్రం పడదు. పాదం దిగబడి మడమ కుంగుతుంది, పైగా ఒడ్డు వాలుగా ఉండటంతో ఒక కాలు ఎప్పుడూ కిందికే పడుతుంది.

చీకటి పడ్డాక ఒక సంగతి. కార్మెల్ ఊళ్ళో వీధి దీపాలు దాదాపు ఉండవు, చెట్ల వేర్లు కాలిబాటలను పైకి లేపి ఉంటాయి. రెండు అంగుళాలు మించిన సన్న మడమల బూట్లకు పర్మిట్ తీసుకోవాలన్న చట్టం 1963లో ఈ ఊరు చేసింది, పడిపోయినవాళ్ళు వ్యాజ్యాలు వేయకుండా. ఇప్పటికీ నేల అలాగే ఉంది. చేతిలో టార్చి ఉంచుకోండి, ఫోన్ వెలుతురు మీద ఆధారపడకండి.

ఇక ఒక్కటే అంటే సీ లయన్ పాయింట్. బర్డ్ ఐలండ్ అందం ఎక్కువే, కానీ ఎక్కిన మెట్లే తిరిగి దిగాలి, ఆవిడకు కష్టమైంది దిగడమేనని మీరే రాశారు. సీ లయన్‌లో చదును భాగం దాకా వెళ్ళి ఆగిపోవచ్చు. మామయ్యగారు, ఇంకొకరు సైప్రస్ గ్రోవ్ చుట్టి వచ్చేలోపు మిగతావాళ్ళు అక్కడే ఉండొచ్చు, రెండింటికీ పార్కింగ్ ఒకటే.

పోటుపట్టిక

సైప్రస్‌నీడ గారి మాటే నాదీ, కార్మెల్‌కే సాయంత్రం. ఒకటి చేర్చుతాను: రాతి మెట్లు దిగక తప్పని చోట నొప్పి ఎక్కువున్న కాలు ముందు కిందికి వేయాలి, బాగున్న కాలు తర్వాత. ఎక్కేటప్పుడు తిరగేసి, బాగున్న కాలు ముందు. ఊతకర్ర ఒకటే అయితే బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకుని, దిగేటప్పుడు నొప్పి కాలితో పాటే ముందు కింది మెట్టు మీద ఆనించాలి. దిగేటప్పుడు ఒకరు ఆవిడకు ఒక మెట్టు కింద, ఆవిడ వైపు తిరిగి ఉంటే ధైర్యంగా ఉంటుంది. చేయి పట్టి లాగకూడదు, భుజం అందిస్తే చాలు.